ఫోన్ ‘లిఫ్ట్’ చెయ్యట్లేదంటే వాళ్లెందుకు నవ్వారు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది కదా: డిగ్రీ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు హైదరాబాద్‌లో సపోర్ట్ ఉద్యోగం, అమెరికా కస్టమర్లతో రోజూ మాట్లాడాలి. మెయిల్ రాయమంటే బాగానే రాస్తారు, ఫోన్ మోగితే మాత్రం గుండె దడ. మొన్నొక కాల్లో ‘హీ ఈజ్ నాట్ లిఫ్టింగ్ ద ఫోన్’ అంటే అవతలివాళ్లు ఒక క్షణం ఆగి నవ్వారు, మీ టీమ్ లీడేమో ‘ఫోన్ ఇంగ్లీష్ ఇంప్రూవ్ చేసుకో’ అని ఊరుకున్నాడు, ఏది ఇంప్రూవ్ చేసుకోవాలో చెప్పకుండా. నేను వాయిస్ ప్రాసెస్‌లో, అంటే కస్టమర్లతో ఫోన్లో మాట్లాడే ఉద్యోగాల్లో, కొత్తగా చేరేవాళ్లకి చాలా ఏళ్లుగా ట్రైనింగ్ ఇస్తున్నాను, ప్రతి బ్యాచ్‌లోనూ ఈ ప్రశ్న వస్తుంది, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, టీ తెచ్చుకుని కూర్చోండి.

ముందు ఆ లిఫ్ట్ సంగతి తేల్చేద్దాం. మనం ఫోన్ ‘ఎత్తుతాం’, ఆ ఎత్తడమే లిఫ్ట్ అయింది. మన మధ్య అది తెలుగు మాటే అయిపోయింది, మా అమ్మ కూడా ‘లిఫ్ట్ చెయ్యవేంట్రా’ అంటుంది. అమెరికావాళ్లకి మాత్రం లిఫ్ట్ అంటే బరువు ఎత్తడం. వాళ్లు అనేది ‘హీ ఈజ్ నాట్ ఆన్సరింగ్’ లేదా ‘హీ ఈజ్ నాట్ పికింగ్ అప్’. ఇంతే, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

దీనికి అటువైపు ‘ఫోన్ పెట్టెయ్’ ఉంది. దాన్ని యథాతథంగా ‘కీప్ ద ఫోన్’ అనేస్తారు చాలామంది, వినేవాడికి ‘ఈ ఫోన్ నువ్వే ఉంచుకో’ అన్నట్టు ఉంటుంది. సరైన మాట ‘హ్యాంగ్ అప్’. ఇక్కడ కొంచెం జాగ్రత్త కావాలి, ఎందుకంటే దీని చుట్టూ మూడు మాటలున్నాయి, ఒకదాని బదులు ఇంకొకటి పడితే గొడవ. ‘హ్యాంగ్ అప్’ అంటే మామూలుగా ఫోన్ పెట్టేయడం. ‘హ్యాంగ్ అప్ ఆన్ సమ్‌బడీ’ అంటే అవతలివాడు మాట్లాడుతుండగానే మొహం మీద పెట్టేయడం, ‘షీ హంగ్ అప్ ఆన్ మీ’ అని కస్టమర్ రాశాడంటే అది కంప్లయింట్. ‘హ్యాంగ్ ఆన్’ అంటే పూర్తిగా తలకిందులు, ఆగండి అని. ఆగమనడానికి కంగారులో ‘ప్లీజ్ హ్యాంగ్ అప్, సర్’ అన్నవాళ్లని విన్నాను, కస్టమర్ బుద్ధిగా పెట్టేశాడు కూడా. మీకు అనుమానంగా ఉంటే ‘హోల్డ్ ఆన్’ వాడండి, అందులో పొరపాటుకి తావు లేదు.

‘కట్’ అనేది ఇంకో మన మాట. కాల్ దానంతట అది తెగిపోతే ‘ద కాల్ డ్రాప్డ్’ లేదా ‘వీ గాట్ కట్ ఆఫ్’ లేదా ‘వీ గాట్ డిస్‌కనెక్టెడ్’. మీరు మీటింగ్‌లో ఉండి కావాలని కట్ చేస్తే ‘ఐ కట్ యువర్ కాల్’ అనకండి, అది కాస్త మొరటుగా వినపడుతుంది. ‘సారీ, ఐ కుడ్‌న్ట్ టేక్ యువర్ కాల్, ఐ వాజ్ ఇన్ ఎ మీటింగ్’ అంటే సరిపోతుంది. కట్ చేశానని చెప్పాల్సిన అవసరమే లేదు, వాళ్లకి తెలుసు.

ఇక చిన్నవి. ‘కాల్’కి, ‘ఫోన్’కి, ‘రింగ్’కి తర్వాత ‘టు’ ఉండదు: ‘ఐ విల్ కాల్ యూ’, అంతేగానీ ‘కాల్ టు యూ’ కాదు. మన ‘నీకు’లోని ‘కు’ ఇంగ్లీషులోకి ‘టు’గా దూరిపోతుంది, దాన్ని గుమ్మం దగ్గరే ఆపండి. అయితే ‘కాల్’ నామవాచకంగా వస్తే, ‘ఐ మేడ్ ఎ కాల్ టు ద బ్యాంక్’ అన్నప్పుడు, ‘టు’ ఉంటుంది. ‘ఫోన్లో ఉన్నాడు’ అనేదాన్ని ‘ఇన్ ద ఫోన్’ అనకూడదు, ‘ఆన్ ద ఫోన్’ లేదా ‘ఆన్ ఎ కాల్’. ‘ఫోన్ వచ్చింది’ అంటే ‘ఐ గాట్ ఎ కాల్’. ‘అమ్మకి ఇవ్వు’ అంటే ‘కెన్ యూ పుట్ మామ్ ఆన్?’ ‘చార్జింగ్ లేదు’ అంటే ‘మై బ్యాటరీ ఈజ్ లో’, పూర్తిగా అయిపోతే ‘మై ఫోన్ డైడ్’. ‘వాయిస్ బ్రేక్ అవుతోంది’ని ‘యూ ఆర్ బ్రేకింగ్ అప్’ అంటారు, గొంతుని కాదు, మనిషినే అంటారన్నమాట. ‘ఆమ్ ఐ ఆడిబుల్?’ వ్యాకరణం ప్రకారం తప్పేమీ కాదు, కానీ ఈ దేశం దాటితే ఎవరూ అలా అడగరు, ‘కెన్ యూ హియర్ మీ?’ అంటారు. ఆన్‌లైన్ మీటింగుల్లో ‘ఈజ్ మై స్క్రీన్ విజిబుల్?’ కూడా అదే కోవ, ‘కెన్ యూ సీ మై స్క్రీన్?’ చాలు.

ఇవన్నీ మాటలు. కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకుంటే నాలుగు రోజుల్లో నోటికి వచ్చేస్తాయి. మీ టీమ్ లీడ్‌కి అసలు ఇబ్బంది కలిగించింది ఇవి కాదని నా అనుమానం. అది వేరే చోట ఉంది.

తెలుగులో మర్యాద మాట తోకలో ఉంటుంది. ‘ఒక్క నిమిషం ఆగండి’, ‘మీ నంబర్ చెప్పండి’, ‘ఎవరండీ మాట్లాడేది’ వీటన్నిట్లో పని చేసేది ఆ ‘అండి’. అది ఉంటే ఎంత సూటిగా అడిగినా తప్పు లేదు. ఇంగ్లీషులోకి మార్చగానే ఆ ‘అండి’ రాలిపోతుంది, మిగిలేది ‘వెయిట్ వన్ మినిట్’, ‘టెల్ మీ యువర్ నంబర్’, ‘హూ ఆర్ యూ’. అవి ఆజ్ఞలు! ఎదురుగా ఉంటే మీ నవ్వు, తలూపడం చూసి సర్దుకుంటారు, ఫోన్లో మొహం కనపడదు కాబట్టి మాటే మొహం. మన పిల్లలు చాలా మర్యాదస్తులు, కానీ రికార్డింగ్ వింటే పోలీసు స్టేషన్‌లో విచారణలా ఉంటుంది, వాళ్లకే నమ్మబుద్ధి కాదు.

రాలిపోయిన ఆ అండీని భర్తీ చెయ్యడానికి చాలామంది ప్రతి వాక్యానికీ ‘సర్’ తగిలిస్తారు. ‘యెస్ సర్, ఓకే సర్, టెల్ మీ సర్, వన్ మినిట్ సర్’. నేనైతే ఒక కాల్‌కి మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చాలంటాను. అమెరికన్ కస్టమర్ తన పేరు ‘బాబ్’ అని చెప్పాక కూడా ‘బాబ్ సర్’ అంటే అతనికి ఇబ్బంది. ఇంగ్లీషులో మర్యాద వాక్యం మొదట్లో ఉంటుంది. ‘కుడ్ యూ’, ‘వుడ్ యూ మైండ్’, ‘మే ఐ’. ‘కుడ్ యూ హోల్డ్ ఫర్ ఎ మినిట్, ప్లీజ్?’, ‘మే ఐ హావ్ యువర్ నంబర్?’, ‘మే ఐ ఆస్క్ హూ ఈజ్ కాలింగ్?’ నోరు తెరవగానే మొదటి రెండు మాటలు ఇలాంటివి పడేలా అలవాటు చేసుకోండి, మిగతా వాక్యం ఎలా ఉన్నా గట్టెక్కేస్తారు. యాస గురించి దిగులు పడే సమయమంతా దీనికి పెట్టమని నా సలహా, యాసని ఎవరూ అంత పట్టించుకోరు, అర్థమైతే చాలు వాళ్లకి.

‘చెప్పండి’ కూడా ఇందులోదే. తెలుగులో ఫోన్ ఎత్తి ‘ఆఁ, చెప్పండి’ అంటే ఆప్యాయంగానే ఉంటుంది. ‘యా, టెల్ మీ’ అంటే మాత్రం ‘తొందరగా తెమిల్చు’ అన్నట్టు వినిపిస్తుంది. ఆఫీసు కాల్ అయితే ‘హౌ కెన్ ఐ హెల్ప్ యూ?’, తెలిసిన సహోద్యోగి అయితే ‘హాయ్, వాట్స్ అప్?’ అనండి.

ఇప్పుడు అన్నిటికంటే ప్రమాదకరమైనది, దీని గురించి ఎవరూ చెప్పరు. అవతలివాళ్లు మాట్లాడుతుంటే మనం మధ్యలో ‘ఆఁ... ఆఁ... ఊఁ’ అంటూ ఉంటాం, అంటే వింటున్నాను, చెప్పు అని. అలా అనకపోతే మనవాళ్లు ‘హలో, ఉన్నావా?’ అంటారు. ఇంగ్లీషులో ఆ ఊకొట్టడం ‘యెస్, యెస్, యెస్’గా మారుతుంది. క్లయింట్ ‘కెన్ వీ హావ్ దిస్ ఫిక్స్డ్ బై ఫ్రైడే...’ అని ఇంకా వాక్యం పూర్తి చెయ్యకముందే మీరు ‘యెస్, యెస్’ అంటారు. మీ ఉద్దేశం ‘వింటున్నాను’. అతను రాసుకున్నది ‘శుక్రవారానికి ఒప్పుకున్నారు’. శుక్రవారం సాయంత్రం ఎస్కలేషన్ మెయిల్, అంటే పైవాళ్లకి ఫిర్యాదు, వస్తుంది, మీరు ‘నేనెప్పుడు ఒప్పుకున్నాను?’ అని జుట్టు పీక్కుంటారు. రికార్డింగ్‌లో మాత్రం ‘యెస్’ స్పష్టంగా ఉంటుంది! కాబట్టి ఊకొట్టడానికి ‘ఐ సీ’, ‘ఓహ్ ఓకే’, ‘మ్‌హ్మ్’ వాడండి, యెస్‌ని నిజంగా ఒప్పుకునేటప్పటికి దాచుకోండి. ఒప్పుకోకపోతే చివర్లో తేల్చి చెప్పండి: ‘ఐ అండర్‌స్టాండ్, లెట్ మీ చెక్ అండ్ గెట్ బ్యాక్ టు యూ’. ఈ ‘గెట్ బ్యాక్ టు యూ’ దగ్గర మనవాళ్లు ‘ఐ విల్ రివర్ట్’ అంటారు, ‘ఐ విల్ ఇంటిమేట్ యూ’ అంటారు. మొదటిది ఇక్కడి ఆఫీసుల్లో నడుస్తుంది, అమెరికాలో రివర్ట్ అంటే పాత స్థితికి వెనక్కి వెళ్లడం. రెండోది దయచేసి వదిలెయ్యండి, ఇంటిమేట్ అనగానే అక్కడ గుర్తొచ్చేవి సన్నిహిత సంబంధాలు. ‘ఐ విల్ లెట్ యూ నో’ అంటే అందరికీ క్షేమం.

పరిచయం. ‘మైసెల్ఫ్ రమేష్’ గురించి ఇప్పటికే నాలుగుసార్లు విని ఉంటారు, వదిలేద్దాం. ‘ఐ యామ్ రమేష్’ కూడా ఫోన్లో కొంచెం తేడాగా ఉంటుందని మాత్రం చెప్పరు. ఫోన్లో ‘దిస్ ఈజ్ రమేష్’ అంటారు, ‘దిస్ ఈజ్ రమేష్ ఫ్రమ్ ద బిల్లింగ్ టీమ్’. అవతల ఉన్నది తను అడిగిన మనిషేనా అని తేల్చుకోవడానికి అమెరికావాళ్లు ‘ఈజ్ దిస్ రమేష్?’ అంటారు, బ్రిటిష్‌వాళ్లు ‘ఈజ్ దట్ రమేష్?’ అంటారు. దానికి జవాబు ఒక్క మాట చాలు, ‘స్పీకింగ్’. కొత్తలో విచిత్రంగా ఉంటుంది కానీ ‘యెస్, ఐ యామ్ రమేష్ ఓన్లీ’ కన్నా వెయ్యి రెట్లు నయం.

అలాగే ‘మే ఐ నో వాట్ ఈజ్ ద ప్రాబ్లమ్?’ అని అడుగుతుంటారు. ముందు ‘మే ఐ ఆస్క్’, ‘కుడ్ యూ టెల్ మీ’ లాంటివి పెట్టాక వెనకాల ప్రశ్న మామూలు వాక్యంలా మారిపోవాలి: ‘కుడ్ యూ టెల్ మీ వాట్ ద ప్రాబ్లమ్ ఈజ్?’ ఈ ‘ఈజ్’ని చివరికి నెట్టడం ఒక్కటి వస్తే మీ ఇంగ్లీషు వినేవాళ్లకి ఒక మెట్టు పైనున్నట్టు వినిపిస్తుంది. అర్థం కాకపోతే ‘వాట్?’ అనకండి, ‘రిపీట్’ అని ఒక్క మాట పారెయ్యకండి, ‘సారీ, ఐ డిడ్‌న్ట్ క్యాచ్ దట్’ అనండి. ఎన్నిసార్లయినా అడగొచ్చు, అర్థం కాకుండా ఓకే అనేస్తేనే తర్వాత కష్టం.

నంబర్ల దగ్గరికి వద్దాం, ఇక్కడ తప్పు జరిగితే డబ్బుల దాకా వెళ్తుంది. మనం పది అంకెల్ని అయిదు, అయిదుగా చెబుతాం, ‘డబుల్ నైన్, ట్రిపుల్ ఫోర్’ అంటాం. బ్రిటన్‌లో డబుల్, ట్రిపుల్ బాగా నడుస్తాయి. అమెరికావాళ్లు మూడు, మూడు, నాలుగుగా వింటారు, వాళ్ల ఫోన్ నంబర్ల కూర్పు అదే కాబట్టి. ‘ట్రిపుల్ ఫోర్’ అంటే చేతిలో పెన్నుతో ఆగిపోతారు, అందుకని విడివిడిగా ‘ఫోర్, ఫోర్, ఫోర్’ అనండి, మూడు అంకెల తర్వాత చిన్న విరామం ఇవ్వండి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్లో ఒకేలా వినిపిస్తాయి, ‘ఫిఫ్టీన్, వన్ ఫైవ్’ అని వెంటనే విడగొట్టి చెప్పడం అందరూ చేసే పనే, మొహమాటపడకండి.

స్పెల్లింగ్ ఇంకా కష్టం, మన పేర్లు అలాంటివి మరి. వెంకట సత్యనారాయణ అనే పేరుని ఒక టెక్సాస్ ఆవిడకి రాయించి చూడండి. ఇందులో కొంత తప్పు మీది కాదు, ఫోన్‌ది. మామూలు టెలిఫోన్ లైన్ 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ధ్వనినే మోస్తుంది. ‘ఎస్’నీ ‘ఎఫ్’నీ వేరు చేసే బుస శబ్దం చాలావరకు అంతకంటే పైన ఉంటుంది. అంటే ఎదురుగా ఉంటే తేలిగ్గా తెలిసే తేడా, తీగలో పడేసరికి ఎగిరిపోతుంది. ‘వి’, ‘డబ్ల్యూ’ తేడా అయితే మన నోట్లోనే లేదు, ‘వ’ ఒక్కటే కదా మనకి. అందుకే ‘వి యాజ్ ఇన్ విక్టర్’, ‘ఎస్ యాజ్ ఇన్ శామ్’ అంటూ చెప్పాలి. ‘యాజ్ ఇన్’ అమెరికాలో, ‘ఫర్’ బ్రిటన్‌లో, ఇక్కడా. మాట మాత్రం వాళ్లకి తెలిసింది అయ్యుండాలి. ‘ఎస్ ఫర్ శ్రీకాకుళం’ మన ఆధార్ సెంటర్‌లో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, టెక్సాస్‌లో చెయ్యదు. 1956 నుంచి విమానాలవాళ్లు వాడుతున్న ఆల్ఫా, బ్రావో, ఛార్లీ పట్టిక ఉంది, అది బట్టీ పట్టెయ్యండి. ఎమ్‌కి మైక్, ఎన్‌కి నవంబర్, ఎఫ్‌కి ఫాక్స్‌ట్రాట్, ఎస్‌కి సియెర్రా, డబ్ల్యూకి విస్కీ. కనీసం మీ పేరులోని అక్షరాలకి మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. ఇంగ్లీషు అక్షరాల్లో చివరిదాని (Z) పేరు అమెరికాలో ‘జీ’, బ్రిటన్‌లో, ఇక్కడా ‘జెడ్’.

అమెరికా, బ్రిటన్ తేడాలు ఇంకో నాలుగు. లైన్ ఖాళీ లేకపోతే అమెరికాలో ‘బిజీ’, బ్రిటన్‌లో ‘ఎంగేజ్డ్’. ఈ నంబర్‌కి చెయ్యండి అనడానికి అమెరికాలో ‘కాల్ మీ ఎట్ దిస్ నంబర్’, బ్రిటన్‌లో ‘ఆన్ దిస్ నంబర్’. ‘రింగ్ మీ’, ‘గివ్ మీ ఎ రింగ్’ బ్రిటన్‌లోనే ఎక్కువ. చేతి ఫోన్ బ్రిటన్‌లో ‘మొబైల్’, సింగపూర్‌లో ‘హ్యాండ్‌ఫోన్’, అమెరికాలో ‘సెల్’. ఈ లెక్కన ‘నా సెల్లుకి చెయ్యి’ అనే మా ఊరి పెద్దాయన స్వచ్ఛమైన అమెరికన్ మాట్లాడుతున్నాడన్నమాట, ‘మొబైల్’ అనే పట్నం కుర్రాడు కాదు. రీఛార్జ్‌ని బ్రిటన్‌లో ‘టాప్ అప్’ అంటారు.

‘ఎస్టీడీ కోడ్’ మాత్రం ఎక్కడా అనకండి, ‘ఏరియా కోడ్’ అనండి. నిజానికి ఆ మాట మనం కనిపెట్టింది కాదు. ఎస్టీడీ అంటే సబ్‌స్క్రైబర్ ట్రంక్ డయలింగ్, ఆపరేటర్ లేకుండా వేరే ఊరికి మనమే నేరుగా డయల్ చెయ్యడం. అది బ్రిటన్‌లో 1958లో బ్రిస్టల్‌లో మొదలైంది, రాణి ఎలిజబెత్ అక్కణ్ణుంచి ఎడిన్‌బరోకి ఫోన్ చేసి ప్రారంభించారు. మనకి 1960లో లక్నో, కాన్పూర్ల మధ్య వచ్చింది. ఆపరేటర్‌కి చెప్పి గంటలకొద్దీ కాచుకుని కూర్చునే ట్రంక్ కాల్ రోజుల తర్వాత అది పెద్ద విషయం, పసుపు బోర్డు ఫోన్ బూత్‌లు గుర్తున్నవాళ్లకి ఆ మూడక్షరాల మీద అభిమానం కూడా ఉంటుంది. కానీ ఇప్పుడు బయటిదేశాల్లో ఎస్టీడీ అంటే లైంగిక వ్యాధి. ‘వాట్ ఈజ్ యువర్ ఎస్టీడీ?’ అని కస్టమర్‌ని అడిగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇంతా చదివి మన ఇంగ్లీషంతా తప్పు అనుకోకండి, ఆ మాట నేను అనను. ‘మిస్డ్ కాల్ ఇవ్వు’ అనేది ఇక్కడి బతుకులోంచి పుట్టింది. 2003 వరకూ ఇక్కడ సెల్‌ఫోన్లో ఇన్‌కమింగ్‌కి కూడా డబ్బులు పడేవి, ఒకసారి మోగించి పెట్టెయ్యడమే ఉచిత సందేశం. ‘ఔట్ ఆఫ్ స్టేషన్’ కూడా అంతే, కంటోన్మెంట్ల కాలం నుంచి వచ్చింది. విజయవాడ నుంచి పుణెకి మాట్లాడుతూ ‘ఔట్ ఆఫ్ టౌన్’ అనడమే వేషంలా ఉంటుంది. ఎవరితో మాట్లాడుతున్నారో దాన్నిబట్టి గేరు మార్చుకోండి, ఇంట్లో కూడా ‘హౌ మే ఐ హెల్ప్ యూ’ మొదలుపెడితే మీ ఆవిడ ఊరుకోదు.

కాల్ ముగించడం దగ్గర మనకి అలవాటైనదేదీ ఇంగ్లీషులో పనికిరాదు. మనం ‘సరే మరి... ఉంటానండీ... ఆఁ ఆఁ... సరే... ఉంటా’ అని నాలుగు అంచెల్లో దిగుతాం. అది ఇంగ్లీషులోకి రాదు కాబట్టి ‘ఓకే, బై’ అని ఠక్కున పెట్టేస్తారు చాలామంది. అవతలివాళ్లకి ఏదో కోపం వచ్చిందేమో అనిపిస్తుంది. వాళ్లకీ అంచెలున్నాయి. ముందు ‘ఆల్‌రైట్’ లేదా ‘ఓకే దెన్’ అంటారు, అది గంట కొట్టినట్టు. తర్వాత ఏం తేలిందో ఒక్క ముక్క: ‘సో ఐ విల్ సెండ్ యూ ద ఫారమ్ టుడే’. తర్వాత ‘ఈజ్ దేర్ ఎనీథింగ్ ఎల్స్ ఐ కెన్ హెల్ప్ యూ విత్?’, ఆ తర్వాత ‘థాంక్స్ ఫర్ కాలింగ్’, అప్పుడు బై. స్నేహితులైతే ‘వెల్, ఐ విల్ లెట్ యూ గో’ అంటారు. అది మిమ్మల్ని వెళ్లిపొమ్మనడం కాదు, మన ‘ఉంటాను’కి వాళ్ల దగ్గరున్న అతి దగ్గరి మాట అదే, కంగారుపడి ‘నో నో, ఐ యామ్ ఫ్రీ’ అనకండి.

చివరగా వాయిస్‌మెయిల్, మీ ఉద్యోగంలో ఇది రోజూ తగులుతుంది. బీప్ రాగానే ‘హలో... హలో?’ అనకండి, అక్కడ ఎవరూ లేరు. ఇలా చెప్పండి: ‘హాయ్, దిస్ ఈజ్ రమేష్ ఫ్రమ్ బిల్లింగ్. ఐ యామ్ రిటర్నింగ్ యువర్ కాల్ అబౌట్ ద రీఫండ్. ప్లీజ్ కాల్ మీ బ్యాక్ ఎట్...’ అని నంబర్. నంబర్ని రాసుకునే వేగంతో చెప్పాలి, మీరే గాల్లో వేలితో రాస్తూ చెబితే వేగం దానంతట అదే సరిపోతుంది. రెండోసారి కూడా చెప్పి పెట్టెయ్యండి, లేకపోతే ఒక అంకె కోసం వాళ్లు మెసేజంతా మళ్లీ వినాలి.